చింతగింజల జిగురును వేరుచేసి, దాని యాంటీ ఆక్సిడెంట్ గుణాన్ని కొలిచే పద్ధతి

కొండపల్లి బొమ్మల అవయవాలను అతికించే మక్కులోనూ, చేర్యాల నకాషీ పటం కోసం గుడ్డకు పూసే పూతలోనూ పట్టునిచ్చేది చింతగింజల జిగురే. రసాయనికంగా ఇది జైలోగ్లూకాన్ అనే పాలీశాకరైడు, అంటే చక్కెర యూనిట్లు కలిసిన పెద్ద అణువు. పత్తి నారలోని సెల్యులోజులో లాగే ఇందులోనూ గ్లూకోజు యూనిట్లు బీటా-1,4 బంధాలతో పొడవైన గొలుసుగా ఉంటాయి. అయితే ఆ గొలుసుకు కొమ్మల్లా జైలోజు, కొన్నిచోట్ల జైలోజు చివర గెలాక్టోజు అంటి ఉండడం వల్ల గొలుసులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోలేవు, అందుకే ఇది వేడినీటిలో కరుగుతుంది. గ్లూకోజు, జైలోజు, గెలాక్టోజుల నిష్పత్తి సుమారు 2.8 : 2.25 : 1. మెంతులు, గోరుచిక్కుడు గింజల బంకలు వేరే కుటుంబానివి. వాటిలో మానోజు గొలుసు మీద గెలాక్టోజు ఉంటుంది.

ముందుగా గింజల పైపొట్టును తీసివేయాలి. ఇళ్లలో వేయించి దంచడం వాడుక, కానీ పరీక్ష కోసమైతే వేయించకుండా పగలగొట్టి, ఓపికగా పొట్టు గీకడమే మంచిది. ఎక్కువగా వేయిస్తే చక్కెరలు, ప్రోటీన్లు కలిసి గోధుమరంగు పదార్థాలు ఏర్పడతాయి; వాటికీ యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉంటుంది కనుక ఫలితం తారుమారవుతుంది. తీసిన పొట్టును పారవేయకుండా విడిగా దాచండి, దానితో తర్వాత పని ఉంది.

పప్పును మెత్తగా పొడిచేసి, 20 గ్రాములను 200 మిల్లీలీటర్ల చల్లటి నీటిలో ఉండలు కట్టకుండా కలిపి, మరుగుతున్న 800 మిల్లీలీటర్ల నీటిలో పోసి, 20 నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. రాత్రంతా తేరనిచ్చి, మర్నాడు 5000 ఆర్‌పీఎం వద్ద 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను మాత్రమే తీసుకోవాలి. ఆ తేటను రెండింతల ఇథనాల్‌లో పోస్తే జిగురు తెల్లటి పీచులా విడివడుతుంది. దానిని ఇథనాల్‌తో కడిగి, 50 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి, పొడి చేయాలి.

ఇక కొలత. చాలామంది విద్యార్థులు అలవాటుగా మిథనాల్ అనే ఆల్కహాలులో కరిగించిన డీపీపీహెచ్‌ను ఎంచుకుంటారు; యాంటీ ఆక్సిడెంట్ తగిలితే దాని ఊదారంగు తగ్గుతుంది, ఆ తగ్గుదలే కొలత. ఆల్కహాలు తగిలితే జిగురు విడివడుతుందని పైన చూశాం. ఇక్కడా అదే జరిగి ద్రావణం మసకబారుతుంది, 517 నానోమీటర్ల వద్ద ఆ మసకను యంత్రం రంగుగానే లెక్కవేస్తుంది. ఇలాగే రంగు తగ్గడాన్ని కొలిచేదే అయినా, నీటిలో పనిచేసే ఏబీటీఎస్ పద్ధతి ఈ పదార్థానికి సరైనదని నా అభిప్రాయం. 7 మిల్లీమోలార్ ఏబీటీఎస్‌లో తుది గాఢత 2.45 మిల్లీమోలార్ అయ్యేలా పొటాషియం పెర్‌సల్ఫేటు కలిపి, 12 నుంచి 16 గంటలు చీకటిలో ఉంచాలి; ఆపై 734 నానోమీటర్ల వద్ద శోషణ (ద్రావణం కాంతిని పీల్చుకునే మోతాదు) 0.70 వచ్చేవరకు పలచన చేసుకోవాలి. కంట్రోల్ (నమూనా కలపని ఏబీటీఎస్) శోషణలోంచి నమూనా శోషణను తీసివేసి, కంట్రోల్ శోషణతో భాగించి, 100తో గుణిస్తే నిరోధక శాతం వస్తుంది. ఏబీటీఎస్ లేని జిగురు ద్రావణాన్ని బ్లాంక్‌గా పెట్టడం మరవకూడదు.

ఒక్క జిగురునే కొలిచి ఊరుకోకండి. పొట్టు, పప్పు పొడి, ఒకసారి కడిగిన జిగురు, మూడుసార్లు కడిగిన జిగురు అనే నాలుగు నమూనాల నీటి సారాలను ఒకే గాఢతలో పక్కపక్కన పరీక్షించి, అవే నమూనాలలో మొత్తం ఫినాళ్లను (మొక్కల్లో ఉండే యాంటీ ఆక్సిడెంట్ పదార్థాలను) ఫోలిన్ పద్ధతితో, గాలిక్ ఆమ్లం ప్రమాణంగా, 765 నానోమీటర్ల వద్ద చూడాలి. చింతగింజ పొట్టులో కాటెకిన్, ఎపికాటెకిన్, ప్రోసయనిడిన్లు అనే ఫినాళ్లు సమృద్ధిగా ఉంటాయి. పొట్టు ముక్క కాస్త మిగిలినా ఆ ఫినాళ్లు జిగురును అంటిపెట్టుకుని, దాని గుణాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతాయి. ప్రతి కడుగుతో నిరోధక శాతం, ఫినాళ్ల మొత్తం రెండూ కలిసి తగ్గుతూ ఉంటే, ఆ శక్తి చక్కెర గొలుసుది కాదు, దానికి అంటిన ఫినాళ్లదని అనుమానించాలి. ఫినాళ్లు దాదాపు పోయినా నిరోధక శాతం కొంత నిలబడితే, ప్రోటీను ఎంత మిగిలిందో కెల్డాల్ పద్ధతిలో (నత్రజనిని కొలిచి ప్రోటీను లెక్కగట్టే పద్ధతిలో) చూశాకే జైలోగ్లూకాన్‌కు ఆ గుణాన్ని ఆపాదించండి.