అమెరికా ప్రజాస్వామ్యం మాటలు నిజమో కాదో ఇలా చూడండి

ప్రపంచమంతా ప్రజాస్వామ్యానికి అండగా ఉంటామని అమెరికా చెబుతూ వచ్చింది. ముందు ఆ ఉపన్యాసాలు పక్కన పెట్టి, అమెరికా డబ్బు, ఆయుధాలు ఎటు పోతున్నాయో చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఈజిప్టునే తీసుకోండి. 2012లో ఎన్నికల్లో గెలిచిన అధ్యక్షుడు మోర్సీని 2013 జూలై 3న సైన్యం దించేసింది. ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే ఆ దేశానికి సాయం ఆపాలని అమెరికా చట్టమే చెబుతోంది. మరి అమెరికా ప్రభుత్వంవాళ్లు ఏం చేశారు? అది సైనిక తిరుగుబాటో కాదో తేల్చాల్సిన అవసరమే మాకు లేదన్నారు! ఆ ముక్క నోటితో అనకపోతే చట్టం వర్తించదు కదా, అదీ తెలివి. ఏటా ఇచ్చే 130 కోట్ల డాలర్ల సైనిక సాయంలో కొంత ఆ అక్టోబరులో ఆపారు, 2015లో మళ్లీ వదిలారు.

తర్వాత, గెలిచినవాళ్లు నచ్చనప్పుడు ఏం చేశారో వెతకండి. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాద్దెగ్‌ను దించింది తామేనని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పత్రాలు 2013లో బయటపెట్టాయి. అరవై ఏళ్లు! కాస్త ఓపిక కావాలి మరి.

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి. 1986లో ఫిలిప్పీన్స్‌లో జనం రోడ్లెక్కినప్పుడు, ఏళ్ల తరబడి తాము వెనకేసుకొచ్చిన అధ్యక్షుడు మార్కోస్‌ను దిగిపొమ్మన్నదీ అమెరికానే. కాకపోతే ఎప్పుడు చెప్పారో తేదీలు చూసుకోండి, సైన్యం చీలిపోయాక.