చార్మినార్‌ను నొక్కితే గోల్కొండ తెరుచుకుంటోందా?

హైదరాబాద్ పర్యాటక పటాన్ని వెబ్ పేజీలో పెట్టి, అందులోని ఒక్కో స్థలానికి ఒక్కో లింకు ఇవ్వడానికి హెచ్‌టీఎంఎల్‌లో మ్యాప్, ఏరియా ట్యాగులు సరిపోతాయి. బొమ్మలో నొక్కదగిన ఒక్కో చోటుకు ఒక్కో ఏరియా, వాటన్నిటినీ కలిపి ఉంచేది మ్యాప్. చిక్కు వచ్చిందంటే చాలావరకు కింది వాటిలో ఒకటై ఉంటుంది.

సమస్య: కంప్యూటర్‌లో సరిగ్గానే ఉంది, ఫోన్‌లో ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకుంటోంది.

కారణం: ఏరియా హద్దులను చెప్పే కోఆర్డ్స్‌లో రాసిన అంకెలు బొమ్మతో పాటు తగ్గవు. పటం 1000 పిక్సెళ్ల వెడల్పుతో ఉన్నప్పుడు చార్మినార్ ఎడమ అంచు నుంచి 600, పై అంచు నుంచి 400 పిక్సెళ్ల దూరంలో ఉందనుకుందాం. ఫోన్‌లో ఆ వెడల్పు 360కి తగ్గితే చార్మినార్ బొమ్మ 216, 144 దగ్గరికి జరుగుతుంది. లింకు మాత్రం జరగదు. పెద్ద పటంలో 216, 144 దగ్గర గోల్కొండకు హద్దులు గీసి ఉంటే, చార్మినార్‌ను నొక్కినవారు కోటకు చేరుకుంటారు. ఇక చార్మినార్ లింకు బొమ్మ అంచు దాటిపోయి ఎవరికీ అందదు.

పరిష్కారం: పేజీ తెరుచుకున్నప్పుడూ, తెర వెడల్పు మారినప్పుడూ జావాస్క్రిప్ట్‌తో మొదట రాసిన అసలు అంకెలన్నిటినీ అదే నిష్పత్తిలో, ఇక్కడైతే 0.36తో, గుణించాలి. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం ఎస్‌వీజీ (ఆకారాలను కోడ్‌తో గీసే బొమ్మల పద్ధతి) వైపు వెళ్లడమే మేలు. దాని వ్యూబాక్స్‌లో పటం అసలు కొలతలు ఒకసారి రాస్తే బొమ్మ, లింకులు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. లింకు ఆకారాలకు ఫిల్ (లోపల నింపే రంగు) విలువగా 'నన్' ఇవ్వకండి, లోపలి భాగం నొక్కుకు స్పందించదు. 'ట్రాన్స్‌పరెంట్' ఇవ్వండి.

సమస్య: బుద్ధ విగ్రహాన్ని నొక్కినా హుస్సేన్ సాగర్ పేజీయే వస్తోంది.

కారణం: విగ్రహం సాగర్ మధ్యలో ఉంది కాబట్టి దాని లింకుకు గీసిన వృత్తం చెరువు హద్దుల లోపలే పడుతుంది. రెండు ఏరియాలు ఒకదానిపై ఒకటి పడినప్పుడు కోడ్‌లో ముందు రాసినదే చెల్లుతుంది.

పరిష్కారం: విగ్రహాన్ని ముందు, చెరువును తర్వాత రాయండి. ఎస్‌వీజీలో ఇది తలకిందులు. అక్కడ చివర రాసినదే పైన ఉంటుంది కాబట్టి విగ్రహం చివర రావాలి. మ్యాప్ కోడ్‌ను ఎస్‌వీజీలోకి మార్చేటప్పుడు చాలామంది గమనించని సంగతి ఇది.

సమస్య: ఎక్కడ నొక్కినా చలనం లేదు.

బొమ్మను మ్యాప్‌తో కలిపేది బొమ్మ ట్యాగ్‌లోని యూజ్‌మ్యాప్. దాని విలువ # గుర్తుతో మొదలవ్వాలి. ఆ తర్వాతి పేరు మ్యాప్ ట్యాగ్‌లోని నేమ్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, పెద్ద బడి చిన్న బడి అక్షరాల తేడా కూడా పనికిరాదు. ఏరియాలో హెచ్‌రెఫ్ (తెరవాల్సిన పేజీ చిరునామా) లేకపోయినా అది లింకు కాదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే బొమ్మ మీద వేరే పొర ఏదైనా పరుచుకుని ఉందేమో చూడండి. శీర్షిక కోసం వేసిన పారదర్శకమైన పెట్టె కూడా నొక్కులను మింగేస్తుంది. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లో ఆ పెట్టెకు పాయింటర్ ఈవెంట్స్ విలువ 'నన్' అని ఇస్తే దారి తెరుచుకుంటుంది.

సమస్య: తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ లింకు పేరు చెప్పడం లేదు.

ఏరియాకు ఆల్ట్ (బొమ్మకు బదులు చదివే మాటలు) లేదన్నమాట. చూపు లేనివారికి పటమంతా ఆ పేర్లే. అందుకే ఒక్కో ఏరియాకూ 'గోల్కొండ కోట', 'సాలార్‌జంగ్ మ్యూజియం' అని స్థలం పేరే రాయండి, 'ఇక్కడ నొక్కండి' అని కాదు.