పాత నగకు విలువ కట్టించడం ఎలా?

మా కావలిలో ఎవరింట్లో పాత నగ బయటికి తీసినా నన్ను వెంటబెట్టుకునే నెల్లూరు ఆచారి వీధికి పోతారు. బస్సెక్కినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: "టెస్టింగుకి ఎంత తీసుకుంటారు?" ఆ రెండొందల కోసం అంత గింజుకున్న మనిషే, తూకం దగ్గర గ్రాములకు గ్రాములు పోతుంటే కాఫీ తాగుతూ కూర్చుంటాడు. ఏందబ్బా ఇది!

సరంజామా ఏమీ లేదు. నగ, పాత బిల్లు ఉంటే అది, పెన్ను, కాగితం. కుంకుడు రసంతో కడిగి ఆరబెట్టండి. ముత్యాలుంటే నానబెట్టొద్దు. పొద్దున్నే పోవాలి, ఇద్దరే పోవాలి. అక్షయ తృతీయ వారంలో అసలు పోకూడదు.

ముద్ర చూడండి. అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు వేరుగా ఇచ్చే హాల్‌మార్క్ నంబరు) ఉంటే, బీఐఎస్ (నాణ్యతకు ముద్ర వేయించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేర్ యాప్‌లో కొడితే వివరాలొస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపులు అది లేని నగ అమ్మకూడదు గానీ, అమ్మమ్మ నగకు అదెక్కడుంటుంది? అందుకే బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌కి పోండి. నాలుగు నగల వరకు కలిపి 200 రూపాయలు, ఐదు, అంతకు మించి ఉంటే ఒక్కో నగకు 45, పైన జీఎస్టీ. రిపోర్టు చేతికిస్తారు. "ఫ్రీగా చూస్తాం" అనే కొట్టు మెట్లెక్కొద్దు. కొనేవాడే విలువ కడితే ఎవరి వైపు కడతాడు? నగ విలువలో ఇంత శాతం ఫీజు అడిగేవాడూ వద్దు. ఖరీదైన నగ అని నాణ్యత చూసే మిషను ఎక్కువసేపు తిరగదు కదా.

అసలు తిప్పలంతా నెట్ వెయిట్, అంటే రాళ్లూ లక్కా పోను మిగిలే బంగారం బరువు దగ్గరే. మా పిన్నమ్మ కెంపుల వంకీ మొత్తం 40 గ్రాములు. ఒక కొట్లో అరచేతిలో ఎగరేసి చూసి, "రాళ్లు, లక్క కలిపి పది పోద్దమ్మా" అన్నాడు. ఇవతలికొచ్చి తెలిసిన ఆచారితో ఊడదీయించి తూపిస్తే పోయింది ఆరున్నరే. మూడున్నర గ్రాములు నోటిమాటకే గల్లంతయ్యేవి!

కాబట్టి అంచనా తరుగు ఒప్పుకోవద్దు. అమ్మాలనుకుంటేనే రాళ్లు తీయించండి, మీ కళ్లముందే. ముందు మొత్తం తూకం, తర్వాత బంగారం వేరు, రాళ్లూ లక్కా వేరు. మూడూ రాసుకోండి, చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. తూకం సున్నా మీద ఉందా, ఫ్యాను ఆపారా చూడండి. బరువు, నాణ్యత కాగితం మీద పడకముందే "కరిగించి చూద్దాం" అంటే నగ వెనక్కి తీసుకోండి. కరిగాక మీ దగ్గర సాక్ష్యమేం మిగలదు.

మిషను చూసేది పైపొరనే. ముందు, వెనక, అతుకు, మూడుచోట్లా పెట్టించండి. అతుకు దగ్గర తక్కువొస్తే అది టంకం సంగతి, నగంతటిదీ కాదు. గీటురాయి మీద మా ఆచారి కన్ను నాకు నమ్మకమే గానీ, పేచీ వస్తే కన్ను చూపించలేం, కాగితమే చూపించాలి.

లెక్క తేలికే. నెట్ 33.5 గ్రాములు, రిపోర్టులో 88 శాతం అంటే మేలిమి 29.48 గ్రాములు. దాన్ని ఆనాటి 24 క్యారెట్ల రేటుతోనే, అంటే మేలిమి రేటుతోనే హెచ్చించాలి. 22 క్యారెట్ల రేటు కట్టి, మళ్లీ 88 శాతం చేస్తే రెండుసార్లు కోసినట్టే.

ఆ లెక్క చూశాక పిన్నమ్మ వంకీ అమ్మనంది. రాళ్లు తిరిగి పొదిగించడానికి టెస్టింగు ఫీజుకు అయిదింతలైంది.