ఎండకాలం 20 లీటర్ల పాలు చేమిరి (తోడు) ఏసేముందు మొత్తం ఒక్కతీరుగ సల్లార్చుడెట్ల

పోయిన మే నెలల కాజీపేటల మా అక్కోళ్ల ఇంటి గృహప్రవేశం ఉండె, పెరుగు బయటికెళ్లి తెచ్చుడెందుకు ఇంట్లనే తోడేద్దాం అని నేనే ముందల పడ్డ. 20 లీటర్ల పాలు పెద్ద గంజుల కాగబెట్టి రాత్రి 9 గంటలకు దించినం, పదకొండున్నరకు అంచుకాడ ఏలు పెట్టి చూస్తే గోరువెచ్చగనే ఉన్నయి, ఇగ నడుమల చేమిరి పోసి పైపైన ఒక్కసారి తిప్పి మూత పెట్టి పన్న. తెల్లారి చూస్తే అంచుల పొంటి జరంత పేరుకుంది, నడుమల గంటె పెడితే పాలు పాలే. సుట్టాల ముందట అక్క మొఖం చూడలేకపోయిన, అందుకే ఇదంత నేర్చుకున్న.

అసలు సంగతి ఏందంటే గంజు అంచు, అడుగు ముందు సల్లారుతయి, అక్కడ సల్లారిన పాలు బరువయి కిందికి దిగుతయి, వేడి పాలు మీదికొచ్చి నడుమల మీగడ కింద ఆగుతయి. మీగడ మూత లెక్క కప్పుకుంటది కాబట్టి ఆవిరి గూడ పోదు. అంచుకాడ ఏలుకు గోరువెచ్చగ తాకినా నడుమల చేమిరి పోసే జాగల మాత్రం మస్తు కాలుతుంటయి. చేమిరిల ఉండే బ్యాక్టీరియాకు 40 నుంచి 45 డిగ్రీలు మంచిగుంటది, 60 దగ్గరికి పోతే బతుకుడు కష్టం.

ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీస్కొని అడుగున రెండు ఇటుకలు పెట్టి వాటిమీద గంజు పెట్టున్రి, అప్పుడు కిందికెళ్లి గూడ నీళ్లు తాకుతయి. దించంగనే పెట్టకున్రి, ఒక పది నిమిషాలు బయట తిప్పుకుంట ఉంచినంక పెట్టున్రి. నీళ్లు లోపటి పాల మట్టం దాంక రావాలె, గంజు అంచుకు మాత్రం నాలుగు వేళ్లంత కిందనే ఉండాలె, ఎందుకంటే ఆ నీళ్లు ఒక్క చుక్క పాలల్ల పడ్డా మంచిది కాదు. మే నెలల మీది ట్యాంకు నీళ్లు వాడకున్రి, పగలంత ఎండకు కాగి రాత్రి గూడ వేడిగనే వస్తయి, సీదా బోరు నీళ్లు పట్టుకోవాలె.

నీళ్లు ఎన్ని కావాలె అంటే, 20 లీటర్ల పాలు 90 డిగ్రీలకెళ్లి 42 కు రావాలె అనుకోండి, 30 డిగ్రీల నీళ్లు 40 దాంక వేడెక్కినంక పారబోసుకుంట పోతే దగ్గర దగ్గర 90 లీటర్లు పడ్తయి, అంటే టబ్బు రెండు మూడు సార్లు మార్చుడే. ఐసు మొదట్లనే ఎయ్యకున్రి, పాలు బాగ వేడిగున్నప్పుడు ఉత్త నీళ్లే జోరుగ గుంజుతయి, 60 దిగినంక నీళ్లకు పాలకు తేడా తగ్గి ఆగిపోయినట్టు అయితది, అప్పుడు ఏయాలె ఐసు. కిలో ఐసు కరుగుడుకే గుంజే వేడి, 8 లీటర్ల నీళ్లు 10 డిగ్రీలు ఎక్కుడుకు గుంజే వేడంత. పాలల్ల మాత్రం ఐసు ఎప్పుడు ఎయ్యొద్దు.

ఇగ తిప్పుడు, అన్నిట్ల ముఖ్యం ఇదే. గంటెను పాలు కాగేటప్పుడే అందుల ముంచి ఉంచున్రి, శుభ్రమైతది. రెండు నిమిషాలకొకసారి అడుగుకెళ్లి మీదికి లేపినట్టు తిప్పాలె, గుండ్రంగ తిప్పితే పాలు గిరగిర తిరుగుతయి గని కిందివి మీదికి రావు. ఇట్ల లేపుకుంట తిప్పితే మీగడ కట్టదు నిజమే, మీగడ పెరుగు ఇష్టమున్నోళ్లు ఇంట్ల చిన్న గిన్నెల తోడేసుకోండి, 20 లీటర్లకు అది కుదరదు. టబ్బుల నీళ్లను గూడ చేత్తోని కదిలియ్యాలె, లేకుంటే గంజు చుట్టు నీళ్లే వేడెక్కి ఊకుంటయి.

చూసుడు గూడ తిప్పినంకనే. కిచెన్ థర్మామీటర్ ఉంటే అంచుకాడ, నడుమల, అడుగున మూడు జాగలల్ల చూడున్రి, మూడు దగ్గర దగ్గర ఉంటేనే అయినట్టు. లేకుంటే తడి లేని గంటెతోని నడుమలకెళ్లి లోపటికి ముంచి తీసి మణికట్టు మీద రెండు చుక్కలు పోస్కోండి, వెచ్చగ తాకాలె గని కాలొద్దు. ఎండకాలం నేను 40 దగ్గర టబ్బుల నీళ్లు తీసేసి ఆపుత, చుట్టు గాలే వేడిగుంటది కద, సలికాలమైతే 45 కు ఏసి గంజుకు చెద్దరు కప్పుత.

చేమిరి లీటరుకు ఒక చెంచడు చాలు. పుల్లగైన పెరుగు వద్దు. మొదలు ఒక ముంత వెచ్చటి పాలల్ల గడ్డలు లేకుంట కలిపి, గంజుల అంతట పోసి, అడుగుకెళ్లి పది పన్నెండు సార్లు లేపి మూత పెట్టి ఇగ కదిలియ్యద్దు. మే నెలల నాలుగైదు గంటలల్ల పేరుకుంటది. రాత్రి పన్నెండుకు ఏస్తే తెల్లారి ఐదుకే అయిపోతది, మధ్యాన్నం బంతి కూసునేదాంక అట్లనే వదిలేస్తే పులుస్తది. అందుకే గంజు జరుపకుంట, పేరుకున్నంక అదే టబ్బుల కొత్త నీళ్లు ఐసు పోసి ఉంచున్రి, వడ్డించేదాంక తియ్యగుంటది.