కనెక్టెడ్ వాహనాల డేటాతో రహదారిపై ట్రాఫిక్‌ను అంచనా వేయడం

రహదారి మీద వెళ్లే ప్రతి వంద వాహనాల్లో నాలుగైదు మాత్రమే కనెక్టెడ్ వాహనాలై, అంటే నెట్‌వర్క్ ద్వారా తమ స్థానాన్నీ వేగాన్నీ పంపుతూ ఉన్నా, ఆ కొద్దిపాటి సమాచారంతోనే ట్రాఫిక్ ఎంత వేగంగా సాగుతోందో నమ్మకంగా చెప్పవచ్చు. ఎన్ని వాహనాలు వెళ్తున్నాయన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు. 2008 ఫిబ్రవరి 8న కాలిఫోర్నియాలోని ఐ-880 రహదారిపై బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు నోకియా ఎన్95 ఫోన్లు అమర్చిన 100 కార్లను తిప్పి, మొత్తం వాహనాల్లో 2 నుంచి 5 శాతం వాటాతోనే వేగాలను రాబట్టారు.

ముందుగా డేటాను శుభ్రం చేయాలి. జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కనుక సర్వీస్ రోడ్డులో పోతున్న వాహనం ఒక్కోసారి రహదారిపై ఉన్నట్టు కనబడుతుంది. అందువల్ల ఒక్క బిందువును బట్టి నిర్ణయించకుండా వరుస బిందువులనూ ప్రయాణ దిశనూ కలిపి చూడాలి. దాబా ముందు ఆగిన లారీని ట్రాఫిక్ జామ్‌గా లెక్కించకూడదు. వాహనాల గుర్తింపు సంఖ్యలనూ, ప్రయాణాల మొదటి, చివరి భాగాలనూ ఈ దశలోనే తీసేయాలి, ఎందుకంటే ఎవరి ఇల్లు ఎక్కడుందో మన లెక్కకు అక్కర లేదు.

తరువాత రహదారిని కిలోమీటరు చొప్పున, కాలాన్ని 5 నిమిషాల చొప్పున విడదీయాలి. ఒక ముక్కలో వాహనాలన్నీ తిరిగిన మొత్తం దూరాన్ని అవి గడిపిన మొత్తం కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. 12 కార్లు తలా ఒక కిలోమీటరును ఒక్కో నిమిషంలో దాటితే అది గంటకు 60 కిలోమీటర్లు. ఒక గీత దగ్గర కొలిచిన వేగాలే చేతిలో ఉంటే మామూలు సగటు పనికిరాదు, హరాత్మక సగటు (వేగాల విలోమాల సగటుకు విలోమం) తీసుకోవాలి: 30, 90 వేగాలకు సరైన జవాబు 60 కాదు, 45.

వాహనాల సంఖ్య తెలియాలంటే కనెక్టెడ్ వాహనాల వాటా తెలిసి తీరాలి. లూప్ డిటెక్టర్ (పైనుంచి వెళ్లే వాహనాలను లెక్కించేందుకు రోడ్డులో పాతిన తీగచుట్ట) 5 నిమిషాల్లో 300 వాహనాలను లెక్కించగా వాటిలో మన డేటాలో ఉన్నవి 12 అయితే వాటా 4 శాతం. అదే వాటా ఉన్న పక్క ముక్కలో 12 కార్లు కనబడితే గంటకు సుమారు 3,600 వాహనాలన్నమాట. అయితే 12 అన్నది చాలా చిన్న లెక్క, యాదృచ్ఛికంగానే దాదాపు 29 శాతం అటూ ఇటూ కావచ్చు. ఆ దోషం 10 శాతానికి దిగాలంటే వంద కార్లు కావాలి కనుక సంఖ్యను 5 నిమిషాలకు కాక గంటకు అంచనా వేయడమే మేలని నా అభిప్రాయం.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65పై లూప్‌ల బదులు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల లెక్కలను వాడవచ్చు. టోల్ కట్టని ద్విచక్ర వాహనాలు వాటిలో ఉండవు కాబట్టి వాటిని విడిగా లెక్కించి కలపాలి. రాత్రి లారీలు పెరిగి కార్లు తగ్గితే, డేటా ప్రధానంగా కార్లదైనప్పుడు వాటా పడిపోతుంది. అందుకే పగటికీ రాత్రికీ, మామూలు రోజులకూ సంక్రాంతి రద్దీకీ వాటాను వేర్వేరుగా కట్టాలి.