వంటగదిలో ఐలాండ్‌కు చోటుందా? కొలిచి తేల్చుకునే పద్ధతి

వంటగది మధ్యలో, నాలుగు వైపులా తిరగడానికి వీలుగా విడిగా నిలిచే గట్టును ఇప్పుడు అందరూ ఐలాండ్ అనే పిలుస్తున్నారు. అమెరికాలో పిల్లల ఇళ్లకు వెళ్లి వచ్చిన తల్లిదండ్రులు, కొత్తగా విల్లా కట్టుకుంటున్నవారు, పాత ఫ్లాటులో హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీయించాలనుకుంటున్నవారు ఇంటీరియర్ పని చేసేవారిని మొదట అడిగే ప్రశ్న "ఎంత పెద్దది పడుతుంది?" అన్నదే. ఆ ప్రశ్నతో మొదలుపెడితే లెక్క తప్పుతుంది. నడవడానికి, వంగడానికి, తలుపులు తెరవడానికి కావలసిన దారులన్నీ ముందు తీసి పక్కన పెట్టి, ఆ తరువాత మిగిలిన నేలనే ఐలాండ్‌కు ఇవ్వాలి. మిగిలింది చాలకపోతే ఐలాండ్ వద్దనుకోవడానికి వెనకాడకూడదు.

కొలతలు మీరే తీసుకోండి. బ్రోషర్‌లో అచ్చువేసిన ప్లానులోని అంకెలను నమ్మవద్దు, ఎందుకంటే వాటిలో సిమెంటు పూత, టైల్సు మందం కలిసి ఉండకపోవచ్చు. గది వెడల్పును ఒకచోట కాక మూడుచోట్ల, నేల దగ్గర, నడుము ఎత్తులో, రెండు మూలలకూ మధ్యలో కొలిచి, వచ్చినవాటిలో చిన్న అంకెనే తీసుకోండి. పాత ఇళ్లలో మూలలు నిక్కచ్చిగా లంబకోణంలో ఉండటం అరుదు కాబట్టి, ఒక కొసకూ మరో కొసకూ రెండు అంగుళాల తేడా రావడం వింత కాదు. ఇప్పటికే గోడల వెంట గట్టు ఉంటే, కింది అల్మారాల తలుపు దగ్గర నుంచి కాక ముందుకు పొడుచుకువచ్చిన గ్రానైట్ అంచు నుంచి టేపు పట్టాలి. అల్మారాలకు బయటికి వచ్చే పిడులుంటే ఆ అంగుళమో అంగుళంన్నరో కూడా తీసివేయాలి.

ఇక దారుల సంగతి. అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ సూచించే కొలతలను చాలామంది డిజైనర్లు ఆధారంగా తీసుకుంటారు. దాని ప్రకారం పని జరిగే దారి, అంటే ఒక పక్క స్టవ్వో సింకో, మరో పక్క ఐలాండో ఉన్న దారి, ఒక్కరే వంట చేసే ఇంట్లో 42 అంగుళాలు, ఇద్దరు ముగ్గురు కలిసి చేసే ఇంట్లో 48 అంగుళాలు ఉండాలి. కేవలం నడిచి వెళ్లే దారికి 36 అంగుళాలు చాలు. మన ఇళ్లకు ఈ అంకెలు ఎక్కువేమోనని కొందరు అంటారు. నా అభిప్రాయంలో మన ఇళ్లకే ఇవి మరింత అవసరం. కింది అరలోంచి పెద్ద కుక్కరు తీయడానికి వంగిన మనిషి వెనుక నుంచి, వేడి అన్నం గిన్నె గుడ్డతో పట్టుకుని మరొకరు దాటిపోవలసి వచ్చే వంటగదులు మనవి. పోపు చిటపటలాడుతుండగా ఒకరి వీపు ఒకరికి తగలడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు రెండు గదులకు లెక్క వేసి చూద్దాం. మొదటిది ఫ్లాట్లలో మామూలుగా కనిపించే 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న వంటగది. వెడల్పు 96 అంగుళాలు. ఒక గోడ వెంట 24 అంగుళాల గట్టు పోతే మిగిలేది 72. అందులోంచి పని దారికి 42, అవతలి వైపు నడిచే దారికి 36 తీయబోతే ఇంకా 6 అంగుళాలు తక్కువ పడతాయి, అంటే ఐలాండ్ అనే మాట రాకముందే నేల అప్పులో పడింది. ఆ గది పొడవు ఎంతైనా ప్రయోజనం లేదు, ఎందుకంటే వెడల్పు, పొడవు రెండూ విడివిడిగా లెక్కకు నిలవాలి. భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి విడిగా భోజనాల చోటున్న ఇంట్లో వంటగదికి కోరే కనీస వైశాల్యం 5 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 1.8 మీటర్లు, అంటే ఆరడుగుల లోపే. ఆ కనీసానికి కాస్త అటూ ఇటూగా కట్టిన గదుల్లో ఐలాండ్ గురించి ఆలోచించి మనసు కష్టపెట్టుకోనక్కరలేదు.

రెండోది 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు ఉన్న గది. ఒక పొడుగు గోడ వెంట, దాన్ని ఆనుకున్న ఒక పొట్టి గోడ వెంట గట్టు ఉందనుకుందాం. వెడల్పు 132 అంగుళాల నుంచి గట్టుకు 24, పని దారికి 42, నడక దారికి 36 పోతే మిగిలేది 30. పొడవు 156 నుంచి అదే విధంగా తీస్తే మిగిలేది 54. అంటే రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవు ఉన్న ఐలాండ్ ఇక్కడ హాయిగా నిలుస్తుంది. అయితే ఆ పొట్టి గోడ దగ్గర గట్టుకు బదులు పెద్ద ఫ్రిజ్ ఉంటే, దాని లోతు 30 అంగుళాల దాకా ఉండవచ్చు కనుక, పొడవులో మరో ఆరు అంగుళాలు తగ్గించుకోవాలి. ఏ దిశలోనైనా మిగులు 24 అంగుళాలకు తగ్గిందంటే, అక్కడ కట్టేది కూరగాయల బల్లకంటే ఎక్కువ ఉపయోగపడదని నా అనుభవం.

అదే గదిలో ఐలాండ్ పక్కన కూర్చుని టిఫిన్ తినాలన్న కోరిక ఉంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 36 అంగుళాల ఎత్తున్న గట్టు దగ్గర కూర్చునేవారి మోకాళ్లకు 15 అంగుళాల లోతు ఖాళీ, ఒక్కొక్కరికి 24 అంగుళాల వెడల్పు కావాలి. కూర్చున్నవారి వెనుక నుంచి మరొకరు నడిచి వెళ్లేటట్లయితే అక్కడ 36 చాలదు, 44 అంగుళాలు ఉండాలి. అప్పుడు 132లో 24, 42, 44 పోగా ఐలాండ్‌కు 22 అంగుళాలే మిగులుతాయి. అందులో మోకాళ్లకు 15 పోతే అరలకు మిగిలే 7 అంగుళాలలో పప్పు డబ్బాలు కూడా సరిగా పట్టవు. కాబట్టి అంత పెద్ద గదిలో కూడా కుర్చీలు లేని ఐలాండ్ పడుతుంది గానీ కుర్చీలున్న ఐలాండ్ పడదు. హాలులోకి తెరుచుకున్న వంటగదిలో కుర్చీలను హాలు వైపు పెడితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది, కానీ అప్పుడు భోజనాల బల్ల కుర్చీలు వెనక్కి లాగినప్పుడు ఎంత దూరం వస్తాయో కూడా కొలుచుకోవాలి.

తలుపులు, సొరుగులు మూసి ఉన్నప్పుడు వేసిన లెక్క సగం లెక్కే. మా అక్క వాళ్ల కొత్త ఇంట్లో ఐలాండ్ ముందు కట్టి ఫ్రిజ్ తరువాత తెచ్చారు. ఫ్రిజ్ తలుపు సగం తెరుచుకునేసరికి రాతి అంచుకు తగిలేది, కూరగాయల ట్రే బయటికి వచ్చేది కాదు. చివరికి రాయి కోయించలేక ఫ్రిజ్‌నే భోజనాల గదిలోకి మార్చుకున్నారు, ఇప్పుడు పెరుగు కావాలన్నా వంట చేసేవారు గుమ్మం దాటి వెళ్తున్నారు. అందుకే ఫ్రిజ్, ఓవెన్, పాత్రలు కడిగే యంత్రం తలుపులు పూర్తిగా తెరిచి, వాటి ముందు మనిషి నిలబడే చోటు కూడా కలిపి కొలవాలి. పాత్రల యంత్రం తలుపు కిందికి వాలినప్పుడు రెండడుగుల దారిని ఆక్రమిస్తుంది. ఎదురెదురు సొరుగులు ఒక్కొక్కటి 20 అంగుళాలు బయటికి వస్తే 42 అంగుళాల దారిలో మనిషికి చోటు ఉండదు. యుటిలిటీ తలుపు వంటగదిలోకి తెరుచుకుంటుందో అవతలికి తెరుచుకుంటుందో చూడండి. అంట్లు అటు పోయే దారి రోజుకు పదిసార్లు వాడే దారి, అది ఐలాండ్ చుట్టూ తిరిగి వెళ్లేలా ఉండకూడదు.

ఇదే ఆలోచనను స్టవ్, సింక్, ఫ్రిజ్ మధ్య నడకకూ వర్తింపజేయాలి. ఈ మూడింటినీ కలిపే గీతలలో ఒక్కొక్కటి 4 అడుగుల నుంచి 9 అడుగుల లోపు, మూడూ కలిపి 26 అడుగులు మించకుండా ఉంటే పని సాఫీగా సాగుతుందని, ఆ గీతలలో దేనికైనా ఐలాండ్ ఒక అడుగుకంటే ఎక్కువ అడ్డు రాకూడదని ఆ అసోసియేషన్ సూచనల్లోనే ఉంది. కాగితం మీద గది గీసి మూడు చుక్కలు పెట్టి కలిపితే ఈ విషయం ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఐలాండ్ మీద స్టవ్ గానీ సింక్ గానీ పెట్టాలనుకునేవారు చోటుతోపాటు నేల కిందనున్నదాన్నీ ఆలోచించాలి. సింకు నీళ్లు బయటికి పోవాలంటే గొట్టానికి వాలు ఉండాలి, ఆ వాలుకు నేలలో లోతు ఉండాలి. కట్టడం మొదలుకాని సొంత ఇంట్లో ఇది ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో స్లాబు తొలిచి గొట్టం వేయడం కట్టడానికీ కింది ఫ్లాటువారికీ కూడా హానికరం, ఆ పని చేయించవద్దు. గ్యాస్ స్టవ్‌కు వాడే రబ్బరు ట్యూబు ఒకటిన్నర మీటర్లు మించకూడదు, దాన్ని గోడలోంచో నేలలోంచో పోనివ్వకూడదు. కాబట్టి సిలిండర్ దూరంగా ఉంటే రాగి గొట్టపు లైను వేయించవలసిందే. సిలిండర్‌ను ఐలాండ్ లోపలే పెట్టేటట్లయితే, వంట గ్యాస్ గాలికంటే బరువైనది కనుక లీకైతే కిందనే నిలుస్తుంది. అందువల్ల సిలిండర్ ఉన్న అరకు కింది భాగాన గాలి ఆడే రంధ్రాలు తప్పనిసరి. పైగా పొగ లాగడానికి సీలింగు నుంచి వేలాడే ప్రత్యేకమైన చిమ్నీ కావాలి. వాస్తు పాటించే ఇళ్లలో స్టవ్ ఆగ్నేయ మూలలో, వండేవారు తూర్పు ముఖంగా నిలబడేలా ఉండాలంటారు కనుక అది గోడ దగ్గరే ఉండిపోతుంది. ఇవన్నీ చూశాక, నన్ను అడిగినవారికి ఐలాండ్‌ను పొడి పనులకే, అంటే తరగడం, పిండి కలపడం, వడ్డనకు సర్దడం వంటివాటికే ఉంచమని చెబుతాను. మిక్సీ, గ్రైండర్ అక్కడ వాడాలనుకుంటే మాత్రం టైల్సు పరచకముందే నేలలో వైరు పైపు వేయించాలి. నడిచే దారికి అడ్డంగా తీగ సాగదీసి వాడే పద్ధతి ప్రమాదకరం.

బరువు గురించి ఒక మాట. 20 మిల్లీమీటర్ల మందమున్న గ్రానైట్ చదరపు అడుగుకు ఐదు కిలోలు తూగుతుంది. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న పలక, అది చీమకుర్తి గెలాక్సీ రాయైనా మరొకటైనా, యాభై కిలోలు ఉంటుంది. ఒకసారి నిలబెట్టాక "కాస్త ఇటు జరుపుదాం" అనడానికి వీలుండదు.

అందుకే వడ్రంగికి బయానా ఇచ్చే ముందు ఆ గట్టుతో కొన్నాళ్లు కాపురం చేసి చూడాలి. లెక్కలో వచ్చిన కొలతకు ముగ్గుపిండితో నేల మీద గీత గీయండి, కానీ గీతతో ఆగిపోవద్దు. గీతను కాలు దాటేస్తుంది, శరీరానికి అడ్డు తెలియదు. అదే కొలతకు అట్టపెట్టెలు పేర్చి, గట్టు ఎత్తు వచ్చేదాకా నిలబెట్టి, పైన ఒక ప్లైవుడ్ ముక్క పరవండి. మన ఆడవాళ్ల ఎత్తుకు 32 నుంచి 34 అంగుళాలు అనువుగా ఉంటుంది. నిలబడి మోచెయ్యి మడిచినప్పుడు, మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కింద ఉన్న ఎత్తులో తరగడం సుఖం. ఆ పెట్టెలను కనీసం పది రోజులు కదపకుండా, తెల్లవారి పాలు కాచడం దగ్గర నుంచి రాత్రి అంట్లు తీసేదాకా వంటంతా వాటి చుట్టూనే చేయండి. పనిమనిషి తడిబట్ట పెట్టేటప్పుడు ఎక్కడ ఇరుకుపడుతోందో ఆమెనే అడగండి. ఆ పది రోజుల్లో చుట్టాలొచ్చే రోజో పండుగో ఒకటైనా ఉండేలా చూసుకోండి.

మా ఇంట్లో నేనీ పరీక్ష సంక్రాంతికి ముందు పెట్టాను. అంకెల ప్రకారం మా గదిలో 26 అంగుళాల వెడల్పు ఐలాండ్ పట్టింది, మొదటి వారం ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించలేదు. అరిసెలు వండే రోజు వచ్చేసరికి అమ్మ నేల మీద పీట వేసుకుని చలిమిడి ఉండలు ఒత్తుతుంటే, పిన్ని పక్కనే కూర్చుని చెక్కల మధ్య నూనె పిండుతుంటే, పెద్ద బేసిన్లకూ వాళ్లిద్దరికీ కలిపి చోటు చాలక, ఉదయం పది కాకముందే ఆ అట్టపెట్టెలన్నీ వరండాలోకి వెళ్లిపోయాయి. వేసవిలో ఆవకాయ కలిపే రోజున జాడీలూ కారం పళ్లేలూ పరుచుకునేది కూడా ఆ నేల మీదే. మన వంటగదిలో నేల కూడా ఒక గట్టే. ఏ డిజైనరు గీసిన ప్లానులోనూ అది పనిచోటుగా నేను చూడలేదు. మీ ఇంట్లో కింద కూర్చుని చేసే పనులు ఇంకా ఉన్నాయా, లేక అందరూ నిలబడే చేసుకుంటున్నారా అన్నది మీరే నిజాయితీగా చెప్పుకోవలసిన విషయం. ఉంటే, ఆ మనుషులూ పళ్లేలూ పట్టే చోటును కూడా దారులతోపాటే ముందుగా లెక్కలోంచి తీసేయండి.

చోటు కొద్దిలో తప్పిపోయినవారికి రెండు మార్గాలున్నాయి. ఒక కొసను గోడకో ఉన్న గట్టుకో ఆనించి ముందుకు చాచిన గట్టు కడితే, నాలుగు వైపులకు బదులు మూడు వైపుల దారి చాలు, 36 అంగుళాలు కలిసివస్తాయి. నీటి గొట్టమూ కరెంటూ గోడ నుంచే తెచ్చుకోవచ్చు. రెండోది చక్రాల బల్ల. 20 అంగుళాల వెడల్పు, మూడడుగుల పొడవుతో, నాలుగు చక్రాలకూ బిగింపు ఉండేలా, పైన రాయికి బదులు గట్టి చెక్క పలకతో చేయించుకుంటే, తరిగేటప్పుడు మధ్యలోకి లాక్కుని, పని అయ్యాక గోడకు జరుపుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పుడున్నది అదే. పండుగ రోజుల్లో దాన్ని వరండాలోకి తోసి, అమ్మకు పీట వేస్తాం.