కరెంటు తీసేస్తామని ఫోన్ వస్తే, డబ్బు కట్టే ముందు

"ఇంకో గంటలో కరెంటు తీసేస్తాం, వెంటనే కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు ఫోన్ పెట్టేయండి. మర్యాద కోసమని మాట పొడిగించొద్దు, ఆ టెన్షన్‌లో మనల్ని ఆలోచించనివ్వకపోవడమే వాళ్ల పని.

తర్వాత పాత బిల్లు తీసి, దాని మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి బకాయి ఉందో లేదో అడగండి. వాళ్లిచ్చిన నంబరు వద్దు, నెట్‌లో వెతికితే పైన కనిపించేదీ వద్దు, అక్కడ కూడా దొంగ నంబర్లు పెడతారు. స్క్రీన్ మీద కంపెనీ పేరే కనిపించినా నమ్మకండి, దాన్ని మార్చి చూపించొచ్చు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది యాప్ విషయం. "ఇది వేసుకోండి, మేమే సరిచేస్తాం" అంటారు, వేసుకున్నాక మీ స్క్రీన్ మొత్తం అవతలివాడికి కనిపిస్తుంది, మెసేజ్‌లో ఓటీపీ పైన మెరవగానే మీకంటే ముందు వాడే చదివేస్తాడు. ఇప్పటికే వేసుకుని ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, కార్డు ఆపించండి.

గిఫ్ట్ కార్డులో, క్రిప్టోలో కట్టమన్నారా? మోసమే.

రీఫండ్ పేరుతో పిన్ అడిగినా అంతే, డబ్బు మనకు రావడానికి పిన్ చెప్పక్కర్లేదు.

మీటరు చూడాలని ఎవరైనా ఇంటికొస్తే, ఐడీ కార్డు చూపించినా సరే, తలుపు తీసే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి.

డబ్బు పోయిందా, సిగ్గుపడి దాచకండి, ఆ నిమిషమే బ్యాంకుకు, పోలీసులకు చెప్పండి, మెసేజ్‌లు చెరపకండి.